గడ్డిముడి కట్టిన గడియారం

కొల్లేటి నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. ఏం చూశావని అడిగినవాళ్లందరికీ నిద్ర చూశానని చెబుతున్నాను. కొందరు నవ్వి ఊరుకుంటున్నారు. కొందరు పక్షుల ఫొటోలు అడుగుతున్నారు. రెండున్నాయి, రెండూ మంచులో తీసినవి. వాటిలో ఏది కొంగో ఏది గుంజో నాకే తెలియడం లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఎలక్ట్రానిక్ చిప్పులు గీసేవాణ్ణి. పుట్టింది అనంతపురం పక్కన, ఉద్యోగం హైదరాబాదులో, నిద్ర ఎక్కడా లేదు. చిప్పులో ప్రతి మూలకీ ఒక తాళం వెళ్తుంటుంది. దాన్ని మేం గడియారం అంటాం. అది సెకనుకు లక్షల సార్లు కొట్టుకుంటుంది, లోపలి భాగాలన్నీ ఆ దెబ్బకే అడుగు వేస్తాయి. చిత్రమేమిటంటే, చేసే పనికంటే ఈ తాళాన్ని మూలమూలకీ మోసుకెళ్లడానికే చాలాసార్లు ఎక్కువ కరెంటు అవుతుంది. పని లేని గదుల్లో కూడా తాళం మోగుతూనే ఉంటుంది. పని లేనిచోట దాన్ని ఆపే గేట్లు పెట్టడమే నా బతుకుతెరువు. పదిహేడేళ్లుగా యంత్రాలను నిద్రపుచ్చుతున్నాను, నాకు మాత్రం పట్టదు. మా ఆవిడ దీన్ని శాపం అంటుంది, నేను వృత్తిధర్మం అంటాను.

మా చిన్న కంపెనీ చేపల చెరువుల కోసం అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి చేసింది. గట్టు మీద గుంజకు కట్టి తీగను నీళ్లలోకి వదిలితే, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అప్పుడప్పుడూ లేచి చూసుకుంటుంది. తగ్గితే ఇంట్లో ఫోను మోగిస్తుంది. తగ్గేది ఎక్కువగా తెల్లవారుజామునే. ఆ వేళ కునుకు తీసిన రైతుకు పొద్దున చెరువు నిండా తెల్లటి పొట్టలు కనిపిస్తాయి.

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పిల్లలకు డిజిటల్ సర్క్యూట్లు చెప్పే పద్మావతి గారు మా పెట్టెలు మూడు తీసుకెళ్లి, కొల్లేటి పక్క రైతులకు ఇచ్చారు. ఆవిడే ఫోన్ చేశారు. ఏడాది రావలసిన బ్యాటరీ ఆరు వారాలకే అయిపోతోందట. ఇద్దరు తిరిగిచ్చేశారు. మూడో ఆయన, సత్యనారాయణ గారు, శుక్రవారం లోపల వచ్చి పట్టుకుపొమ్మన్నారు.

"ఆయన తెల్లవారుజామున పడుకుని పదకొండేళ్లయిందటండీ. పోయిన వేసవిలో బండి మీద కునుకుపట్టి పంటకాలవలోకి వెళ్లిపోయారు. వాళ్లావిడ పోరు పెట్టి ఈ పెట్టె పెట్టించారు. ఇదీ పోతే మళ్లీ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరగడమేనండీ" అన్నారు పద్మావతి గారు.

తప్పు నా గేటులోనే ఉందనుకున్నాను. ఆగవలసిన గడియారం ఎక్కడో ఆగడం లేదు. ఆ రాత్రి రైలెక్కాను.

ఏలూరు: కాలవ పక్కన పెసరట్టు

మాఘమాసపు మంచు. స్టేషను నుంచి నడుస్తుంటే ఊరు ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఒక వంతెన, దాని కింద నీళ్లు, మళ్లీ కొంత మంచు, మళ్లీ నీళ్లు. కృష్ణ వైపు నుంచి వచ్చే కాలవా, గోదావరి వైపు నుంచి వచ్చే కాలవా ఈ ఊళ్లోనే కలుస్తాయని వంతెన మీద పాలాయన చెప్పాడు. మావైపు నీళ్లు వస్తాయి అంటాం, అంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తాయని. ఇక్కడ నీళ్లు ఉంటాయి. ఆ తేడా నాకు ఒంటికి తెలిసింది. కాసేపు వంతెన మీదే నిలబడిపోయాను.

కాలవ పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. వడ్డించే పెద్దాయన "ఏవండీ, ఇంకొంచెం అల్లప్పచ్చడి వెయ్యమంటారాండీ?" అని అడిగితే, నాతోనే అంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. మావైపు "ఏమప్పా, ఇంగా ఎయ్యాల్నా?" అంటారు. అదీ మర్యాదే, కాకపోతే కొంచెం ఎండలో ఆరిన మర్యాద. ఈయన మూడుసార్లు వేసి మూడుసార్లూ అడిగాడు. కడుపు బరువెక్కి, కళ్లు కూడా బరువెక్కినట్టనిపించింది. నమ్మలేదు.

గుండుగొలను: ఆగిన బస్సు

బస్సులో నిద్రపోయాను. ఇది రాసుకుంటుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. గచ్చిబౌలిలో ఏసీ గదిలో, మెత్తటి పరుపు మీద రాని నిద్ర, కిటికీ గడగడలాడే బస్సులో వచ్చింది. కండక్టరు భుజం తట్టాడు.

"లెగండి సార్. బస్సు వేడెక్కిందండి. ఓ గంట పట్టుద్దండి."

గుండుగొలను దగ్గర దిగాం. అందరూ టీ కొట్టు వైపు వెళ్తే నేను కాలవ వైపు నడిచాను. పిల్లకాలవ మొదట్లో ఒక ముసలాయన ఇనుప చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తూము షట్టరు దింపే చక్రం అది. ఆయన లస్కరు, అంటే ఏ కాలవకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే మనిషి. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వంతులవారీగా ఇస్తారు కాబట్టి చేతినిండా పని.

చక్రం పట్టుకున్నాడే గాని తిప్పడం లేదు. నీళ్ల వంక చూస్తూ నిలబడ్డాడు. పది నిమిషాలు చూసి, ఉండబట్టలేక అడిగాను.

"దింపేయొచ్చు కదండీ?" నాకూ అంటుకుంది ఆ అండీ.

"దింపకూడదండి. పైన లాకు దగ్గర తగ్గించారండి, ఇక్కడ మట్టం దిగాలి. నీళ్లు ఉరవడిగా పోతన్నప్పుడు మధ్యలో అడ్డం పెడితే, తెగిన నీళ్లు ఒక్కసారి అవతలకి దూకేస్తాయండి. అవి ఏ గట్టు కొట్టేస్తాయో చెప్పలేం. నీళ్లు నిమ్మళించాక దింపితే ఏ గొడవా ఉండదండి."

నేను అక్కడే గడ్డి మీద కూర్చున్నాను. మా గడియారపు గేటుకూ ఉన్నది ఈ ఒక్క నియమమే. గడియారం దెబ్బ పైకి లేచి ఉన్నప్పుడు గేటు మూస్తే తెగిన దెబ్బ ఒకటి లోపలికి జారి, భాగాలను పిచ్చెక్కిస్తుంది. అది కిందికి దిగేదాకా ఆగి మూయాలి. దీన్ని నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఒక చిప్పు పాడైంది. ఈయన నీళ్లను చూసి నేర్చుకున్నాడు.

మట్టం దిగింది. చక్రం తిప్పాడు. షట్టరు చప్పుడు లేకుండా కూర్చుంది. తర్వాత ఒక పని చేశాడు. మొలలో దోపుకున్న ఎండుగడ్డి పిడికెడు తీసి, చక్రానికి చుట్టి ముడి వేశాడు.

"అదెందుకండీ?"

"ఇది లేకపోతే ఊరుకోరండి. కాలవలో నీళ్లు రాకపోతే, షట్టరు చెడిందనుకుని గునపాలు పట్టుకొచ్చి ఎత్తేస్తారండి. ముడి ఉందనుకోండి, లస్కరు తెలిసే మూశాడు, చెడిపోలేదు అని అర్థమండి. ముడి ఉంటే ఎవరూ ముట్టుకోరు."

"గడ్డే కదండీ, లాగేస్తే ఊడిపోతుంది."

"ఊడిపోద్దండి. అయినా లాగరు."

బస్సు హారను కొట్టింది. ఆయన పేరు అడగడం మర్చిపోయాను.

తాడేపల్లిగూడెం: ఉల్లిపాయల మధ్య లేబరేటరీ

తాడేపల్లిగూడెం వచ్చిందని చెప్పడానికి బోర్డు అక్కర్లేదు, ఉల్లిపాయల వాసన చాలు. మార్కెట్టు దగ్గర బస్తాలు మేడంత ఎత్తు పేర్చి ఉన్నాయి. రైస్‌మిల్లు ఊక గాలిలో తేలుతూ మంచులో కలిసిపోతోంది. కళ్లలో నీళ్లు ఉల్లికో ఊకకో తేల్చుకోలేక, కళ్లు తుడుచుకుంటూనే పద్మావతి గారి కళాశాల చేరాను. ఆవిడ కంగారుపడ్డారు. "బ్యాటరీ కోసం అంత బాధపడకండి" అన్నారు.

పద్మావతి గారి నాన్నగారు పురోహితులు. ఆవిడ కూడా పాఠం చెప్పేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తప్పనివ్వరు. తిరిగొచ్చిన పెట్టె ఒకటి విప్పి, మీటరు పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టారు. పెట్టె నిద్రపోయింది. పెద్ద గడియారం ఆగిపోయి, ఒక్క చిన్న నెమ్మది గడియారం మాత్రం లోపల మెల్లగా కొట్టుకుంటోంది, సమయం లెక్క పెట్టుకోవడానికి. మీటరు ముల్లు దాదాపు కదలలేదు. గంటసేపు చూశాం. నా గేటులో తప్పు లేదు.

సంతోషించవలసిన మాటే. కానీ అప్పుడు బ్యాటరీని ఎవరు తిన్నారు?

ఆవిడ పెట్టె జ్ఞాపకంలో ఏముందో కంప్యూటర్ మీద తెరిచారు. ఎప్పుడెప్పుడు లేచిందో వరసగా ఉంది. తనంతట తను లేచినవి కొన్నే. మిగిలినవన్నీ బటన్ నొక్కి లేపినవి. రాత్రంతా, పావుగంటకొకసారి. ఒకసారి నొక్కితే తెర వెలుగుతుంది, పెద్ద గడియారం నిమిషం పాటు పూర్తిగా మోగుతుంది.

"దీనికి జబ్బేం లేదండీ. పాపం ఎవరో నిద్రపోనివ్వడం లేదు" అన్నారు పద్మావతి గారు.

అప్పుడు గుర్తొచ్చి మొహం వేడెక్కింది. మొదటి నమూనాలో పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం ఉండేది, సెకనుకొకసారి మినుక్కుమనేది. కరెంటు దండగ అని దాన్ని తీయించింది నేనే. ఆ రోజు ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు.

ఉండి: ఆకాశం కింద మరో ఆకాశం

మర్నాడు మధ్యాహ్నం పద్మావతి గారి స్కూటీ వెనక కూర్చుని ఉండి మీదుగా వెళ్లాను. రోడ్డుకు ఒక పక్క నాట్లు వేసిన చేలు, ఇంకో పక్క చెరువులు. ఆ రోజంతా మబ్బు. చెరువుల్లో మబ్బే కనిపిస్తోంది, చేలల్లో మబ్బే కనిపిస్తోంది. కాసేపటికి పైది ఏదో కిందది ఏదో పట్టించుకోవడం మానేశాను. చిన్నప్పుడు జ్వరం తగ్గిన రోజు ఇలా ఉండేది, అంతా దగ్గరగా, మెత్తగా.

టీ పది రూపాయలు, గ్లాసు చిన్నది, చక్కెర మాత్రం మావైపు నలుగురికి వేసేంత. కొట్టు ఆవిడ మబ్బు వంక చూసి "ఇలా పట్టేసిందంటే చేపలోళ్లకి ఇయ్యాళ జాగారవేనండి" అంది. ఎండ లేకపోతే నీళ్లలో నాచు పని చేయదు, ఆక్సిజన్ తయారవదు, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి. నాకు టీ రుచి పోయింది.

కొల్లేటి గట్టు: పలకని కాపలావాడు

సత్యనారాయణ గారికి యాభై ఐదు ఉంటాయి. కళ్ల కింద నల్లగా సంచులు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏం చెబుతున్నానండీ అని అడుగుతారు. ఒకప్పుడు వరి పండించిన సొంత పొలమే ఇప్పుడు చెరువు. ఆయన భార్య మంగతాయారు గారు కాళ్లకు నీళ్లిచ్చి, చేపల పులుసు దించుతున్నానని చెప్పారు. నేను చేపలు తిననని తెలిసి కొయ్యబారిపోయారు.

"చేపల పెట్టె చేసినాయన చేపలు తినరాండీ?"

అరగంటలో ఆవ పెట్టిన కంద బచ్చలి కూర వచ్చింది. చేపల చెరువు గట్టు మీద ఉండి అంత మంచి కూర తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. కందకు మావైపు ఇంత గౌరవం లేదు, ఇకమీదట మా ఇంట్లో ఉంటుంది.

తిన్నాక సత్యనారాయణ గారు పెట్టె ఉన్న గుంజ దగ్గరికి తీసుకెళ్లారు. కోపంగా లేరు, అదే బాధగా ఉంది.

"తప్పుగా అనుకోకండి. మంచి సరుకేనండీ. కానీ పలకదు. మా గట్ల మీద రాత్రిళ్లు కాపలావాళ్లు ఓయ్ అని కేకేసుకుంటారు. ఈ చెరువువాడు కేకేస్తే ఆ చెరువువాడు తిరిగి కేకెయ్యాలి. పలకలేదంటే నిద్రపోయాడని వెళ్లి లేపుతారు. ఇదేమో చీకట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. ఉందో పోయిందో ఎలా తెలుస్తుందండీ? బటన్ నొక్కుతాను, వెలుగుతుంది. హమ్మయ్య అనుకుని వెళ్లి పడుకుంటాను. పావుగంటకి మళ్లీ అనుమానం."

"అందుకని మళ్లీ లేపుతారు."

"కాపలావాణ్ణి లేపకపోతే ఎలాగండీ?"

మంగతాయారు గారు వెనక నుంచి నెమ్మదిగా అన్నారు. "పెట్టె లేనప్పుడు రాత్రికి నాలుగుసార్లు లేచేవారండి. పెట్టొచ్చాక ఇరవైసార్లు లేస్తున్నారు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఆయన నిద్ర కోసం చేసిన పెట్టె, ఉన్న కాస్త నిద్రనూ తీసుకుంది. దీపం తీయించిన చెయ్యి నాదే. గడియారాల గురించి చెప్పబోయాను. నెమ్మది గడియారం, పెద్ద గడియారం, గేటు. ఆయన మర్యాదగా తల ఊపుతూ విన్నారు, పెళ్లిలో మంత్రాలు విన్నట్టు. పద్మావతి గారు గొంతు సవరించుకుని నా వంక చూశారు. ఇక చాలని అర్థం.

అప్పుడు గుండుగొలను దగ్గర చూసిన గడ్డిముడి సంగతి చెప్పాను.

సత్యనారాయణ గారి మొహం మారింది. "మా నాన్న రోజుల నుంచీ ఉందండీ అది. చేను ఎండిపోతున్నా సరే, ముడి చూస్తే వెనక్కొచ్చేసేవాళ్లం."

"చెడిపోలేదని నమ్మకమేంటండీ?"

"లస్కరు కట్టాడు కదండీ. చూసుకునే కడతాడు."

నేను పశువుల పాక వైపు వెళ్లి గడ్డి పిడికెడు తెచ్చాను. ముడి వేయడం రాక రెండుసార్లు జారిపోతే, మూడోసారి ఆయనే చివర పట్టుకున్నారు. పెట్టె చుట్టూ, బటన్ మీదుగా, గడ్డిముడి పడింది.

"నేను చూసుకునే కట్టానండీ. ఇది తెలిసే పడుకుంటుంది, తెలిసే లేస్తుంది. రేపు తెల్లవారుజామున గట్టు మీద నేను కూర్చుంటాను. మీరు పడుకోండి. ఇది లేవకపోతే నేనే విప్పి పట్టుకుపోతాను."

"మీకు చేపల సంగతి తెలియదు కదండీ" అన్నారాయన, ఎక్కడా ఎగతాళి లేకుండా.

"తెలియదండీ. పెట్టె చెబితే తప్ప నాకేమీ తెలియదు."

ఆయన ఫోను తీసి భార్య చేతికిచ్చారు.

తెల్లవారుజాము

నాలుగున్నరకు గట్టు మీద కుర్చీ వేసుకున్నాను. మంచు, దాని వెనక నీళ్లు, ఎక్కడో కొల్లేటి లోపల పక్షుల గొణుగుడు. గాలి లేదు. పెట్టె నల్లగా, చల్లగా, మాటా పలుకూ లేకుండా గుంజ మీద ఉంది.

పావుగంట గడిచింది. దాని లోపల ఏముందో ప్రతి గీతా నేను గీసిందే. ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు. అయినా చెయ్యి బటన్ మీదికి వెళ్లింది. నిజంగానే వెళ్లింది. ఒక్కసారి వెలిగితే చాలు, ఉందని తెలిస్తే చాలు అనిపించింది. నీళ్లలో ఎక్కడో బుడుంగుమంది. నోరు తెరిచిన చేపేనేమో. ఇది ఆయన ఏడాది కష్టం. రైతు సంగతి అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. వేలికి గడ్డి గుచ్చుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ కూర్చోవడంలోనే అనుకున్నాను, కొత్త చిప్పులో దీపం మళ్లీ పెట్టాలని. నెమ్మది గడియారం మీదే, నిమిషానికి ఒక్క మినుకు. పెద్దదాన్ని లేపనక్కర్లేదు. రాత్రంతా మినుకుమన్నా, ఆయన ఒక్కసారి బటన్ నొక్కినంత ఖర్చు కాదు. కరెంటు మిగల్చడమంటే అన్నీ ఆర్పేయడం అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఐదు దాటాక, నేను చూస్తుండగా, గడ్డి పోచల మధ్య నుంచి పెట్టె వెలిగింది. ఎవరూ లేపలేదు. తెర మీద అంకె ఎర్రగా ఉంది. ఇంటి వైపు ఫోను రెండుసార్లు మోగి ఆగింది.

మంగతాయారు గారు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పరుగులాంటి నడకతో వచ్చి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్విచ్చి వేశారు. చెరువు మధ్యలో చక్రాలు తిరిగి నీళ్లను తెల్లగా చిమ్మాయి. ఇద్దరం నిలబడి చూశాం. అరగంటకు అంకె ఎరుపు పోయింది. పెట్టె ఆరిపోయి మళ్లీ నిద్రలోకి వెళ్లింది. ఒక్క చేప కూడా తేలలేదు. నాకు కళ్లు తడిశాయి, ఈసారి ఉల్లిపాయలు దరిదాపుల్లో లేవు.

"కాఫీ తాగుదురుగాని రండి" అన్నారావిడ.

వసారాలో పద్మావతి గారు అప్పటికే లేచి కూర్చుని ఉన్నారు. తెల్లగా తెల్లారింది. చెరువు బతికిందన్న మాట సత్యనారాయణ గారికి నా నోటితోనే చెప్పాలనిపించింది. ఆయన పడుకున్న గది వైపు రెండడుగులు వేశాను.

తలుపు గడియకు ఎండుగడ్డి ముడి కట్టి ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. మంగతాయారు గారు కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, లోపలికి వినపడనంత మెల్లగా అన్నారు.

"తెలిసే మూశానండీ."